నీలికుండ

ఉద్దేశం

ప్రకృతి నుంచి రంగులను గ్రహించి వస్త్రాలకు అద్దే విద్య భారతీయులకు అతి ప్రాచీన కాలం నుంచి తెలుసు. ఆ విద్యలలో నీలి అద్దకం విలక్షణమైంది. పచ్చని ఆకు నీలిరంగుగా మారే క్రమాన్ని, వస్త్రంపై మైనం అడ్డుపెట్టి చిత్రాలు తీర్చే పద్ధతిని, ఈ విద్యాభ్యాసంలోని శ్రమను, దీని చరిత్రలోని వెలుగునీడలను విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తెలుగులో ‘నీలివార్త’ అనే మాట ఉంది. నిజం కాని వార్త, గాలికబురు అని దాని అర్థం. అబద్ధానికీ నీలిరంగుకూ సంబంధం ఏమిటి? పూర్వం అద్దకం పనివారి కుండలో నీలిమందు సరిగా కుదరకపోతే వారు ఊళ్లో ఏదో ఒక అబద్ధపు వార్త పుట్టించేవారట. ఆ వార్త నలుగురి నోళ్లలో నానేసరికి కుండ కుదురుకుంటుందని వారి నమ్మకం. నీలివార్త అనే మాట ఆ నమ్మకం నుంచే పుట్టిందని చెబుతారు. హిందీలో కూడా ‘నీల్ కా మాట్ బిగడ్‌నా’ అనే జాతీయం ఉంది. నీలికుండ చెడిపోవడం అని దాని వాచ్యార్థం. వదంతి పుట్టడం అనే అర్థంలోనూ దాన్ని వాడతారు.

ఈ నమ్మకంలో శాస్త్రం లేకపోవచ్చు. అనుభవం మాత్రం ఉంది. నీలికుండ చెప్పినట్లు వినేది కాదు. అన్నీ పాళ్ల ప్రకారం వేసినా ఒక్కొక్కప్పుడు అది రంగునివ్వదు. కారణం తెలియని చోట మనిషి ఒక కథ అల్లుకున్నాడు. వార్త ఊరంతా పాకడానికి రెండు మూడు రోజులు పడుతుంది. మొండికేసిన కుండ తిరిగి దారికి రావడానికి కూడా ఇంచుమించు అంత కాలమే కావాలి. పనిచేసింది అబద్ధం కాదు, ఆ నిరీక్షణే కావచ్చు. నీలి అద్దకం నేర్చుకోవడమంటే మొదట ఆ నిరీక్షణను నేర్చుకోవడమే.

నీలి మొక్కకు తెలుగులో ‘అవిరి’ అని మరో పేరు. ఇది చిక్కుడు కుటుంబానికి చెందిన చిన్న పొద. జంటలుగా అమరిన చిన్న చిన్న ఆకులు, గులాబీ వన్నె పూలు దీని లక్షణాలు. చూసినవారికి ఇందులో నీలం దాగి ఉందని తోచదు. పూవు నీలం కాదు, కాండం నీలం కాదు, ఆకు సరేసరి. ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడే అంకుడు చెట్టు ఆకుల నుంచి కూడా నీలిమందు తీయవచ్చునని, సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ 18వ శతాబ్దం చివర నిరూపించాడు. ఆ ఆకూ పచ్చనిదే. పచ్చదనంలో దాగిన నీలాన్ని మొదట ఎవరు కనిపెట్టారో చరిత్రకు అందదు. ప్రాచీన గ్రీకులు మాత్రం ఈ రంగును ‘భారతదేశపు సరుకు’ అనే అర్థం వచ్చే పేరుతో పిలిచారు. నేటి ‘ఇండిగో’ అనే పేరు అందులోంచి వచ్చిందే.

మొక్క పూతకు వచ్చే వేళ కొమ్మలను కోసి, వాడిపోకముందే తొట్టిలో పేర్చి, తేలకుండా బరువులు ఉంచి నీరు నింపుతారు. రాత్రంతా నానిన తర్వాత నీరు పసుపు కలిసిన ఆకుపచ్చగా మారుతుంది. ఆ నీటిని దిగువనున్న రెండో తొట్టిలోకి వదిలి, తెడ్లతోనో కాళ్లతోనో గంటల తరబడి చిలుకుతారు. గాలి కలిసేకొద్దీ నురగ లేచి, నీరు నీలంగా మారుతుంది. చిలకడం ఆపితే సన్నని నీలి రేణువులు అడుగుకు చేరతాయి. పైనీటిని వదిలివేసి, అడుగున మిగిలిన ముద్దను కాచి, గుడ్డలో వడకట్టి, బరువు కింద అదిమి, బిళ్లలుగా కోసి నీడలో ఆరబెడతారు. అదే నీలిమందు.

ఆకులో ఉండేది ఇండికాన్ అనే రంగులేని పదార్థం. నీటిలో నానినప్పుడు అది విడిపోయి ఇండాక్సిల్‌గా మారుతుంది. చిలికినప్పుడు ఇండాక్సిల్ గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిపి నీలిరంగు పదార్థమవుతుంది. తొట్టిలో కాళ్లు ఆడించిన కూలీకి ఈ పేర్లేవీ తెలియవు. నురగ రంగును బట్టి చిలకడం ఎప్పుడు ఆపాలో మాత్రం అతనికి తెలుసు.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. నీలిమందు బిళ్లను నూరి నీటిలో కలిపితే అది కరగదు. కరగని రంగు నూలు పోగులోకి ఇంకదు. గుడ్డ మీద ధూళిలా నిలిచి, జాడిస్తే పోతుంది. కాబట్టి అద్దకందారు ఒక వింత పని చేయాలి. ఎంతో శ్రమపడి తెచ్చిన నీలాన్ని తానే తిరిగి పోగొట్టాలి. గాలి ఇచ్చినదాన్ని తీసివేస్తే నీలం పసుపుపచ్చని రూపం పొంది, సున్నపు నీటిలో కరుగుతుంది. ఈ మార్పు జరిగే పాత్రే నీలికుండ.

దక్షిణాదిలో సంప్రదాయ పద్ధతి ఇది. పెద్ద కుండను మెడ వరకు నేలలో పాతుతారు. నేల కుండను అతి వేడి నుంచీ అతి చలి నుంచీ కాపాడుతుంది. అందులో నూరిన నీలిమందు, సున్నపు తేట, ఉడికించిన తంటెం గింజలు వేస్తారు. ఈ గింజలనే కొన్ని చోట్ల తగిరిస గింజలంటారు. కొందరు బెల్లం కూడా కలుపుతారు. గింజలు పులుస్తాయి. ఆ పులుపులో పెరిగే సూక్ష్మజీవులే నీలాన్ని కరిగే రూపానికి మారుస్తాయి. అంటే నీలికుండ కేవలం పాత్ర కాదు. అందులో ప్రాణం ఉంది. దానికి ఆకలి ఉంటుంది, చలి ఉంటుంది, అజీర్తి కూడా ఉంటుంది.

అందుకే ఈ విద్య నేర్వవచ్చిన శిష్యుడు మొదట గుడ్డ ముట్టడు. నీలిమందు నూరతాడు, గింజలు ఉడికిస్తాడు, ఉదయం సాయంత్రం మూత తీసి కుండను చూస్తాడు. కుదిరిన కుండ పైభాగాన రాగి మెరుపు తేలుతుంది, మధ్యన నీలి నురగ చేరుతుంది. కర్రతో పక్కకు తోస్తే అడుగున పసుపుపచ్చని ద్రవం కనిపిస్తుంది. సున్నం ఎక్కువైతే సూక్ష్మజీవులు చచ్చి కుండ నిద్రపోతుంది. సున్నం తక్కువైతే పులుపు మితిమీరి కుండ పాడవుతుంది. చలి రోజుల్లో అది మందగిస్తుంది. ఈ తేడాలను అనుభవజ్ఞులు వాసనను బట్టి, వేళ్ల మధ్య జారుడును బట్టి, కొందరు నాలుకపై ఒక చుక్క వేసుకొని సున్నపు ఘాటును బట్టి గుర్తిస్తారు. ఇన్ని తులాలు, ఇన్ని గంటలు అనే లెక్క మొదటి రోజుకే పనికివస్తుంది. రెండో రోజు నుంచి కుండే గురువు.

కుండ కుదిరాక తడిపి పిండిన గుడ్డను నెమ్మదిగా అందులోకి దించుతారు. గుడ్డతోపాటు గాలి లోపలికి పోకూడదు. నీటి కింద మడతలు విప్పుతూ కొన్ని నిమిషాలు ఉంచి పైకి తీస్తారు. బయటికి వచ్చిన గుడ్డ నీలంగా ఉండదు, ఆకుపచ్చగా ఉంటుంది. గాలి తగిలిన క్షణం నుంచి చూస్తుండగానే అది నీలమవుతుంది. ముదురు రంగు కావాలంటే ఎక్కువసేపు నానబెట్టడం కాదు. ముంచడం, గాలికి ఆరనివ్వడం, మళ్లీ ముంచడం చేయాలి. లేత ఆకాశవర్ణం ఒకటి రెండు మునకలకు వస్తుంది. కారునలుపుకు చేరువైన నీలానికి ఎన్నో మునకలు కావాలి.

తక్కిన ప్రకృతి రంగులకూ నీలానికీ అత్యంత ముఖ్యమైన భేదం ఒకటుంది. చిరువేరు ఎరుపు నూలును పట్టుకోవాలంటే మధ్యవర్తిగా పటిక కావాలి. తుప్పు ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టిన ద్రవం కరక్కాయ పట్టిన గుడ్డ మీదనే నల్లబడుతుంది. నీలానికి ఏ మధ్యవర్తీ అక్కరలేదు. పోగులోకి కరిగి ప్రవేశించి, గాలి సోకగానే అక్కడే కరగని రేణువై స్థిరపడుతుంది. పంచతంత్రంలో నీలిబానలో పడిన నక్క ఎంత ప్రయత్నించినా తన పాత రంగును పొందలేకపోయింది. ఆ కథ కల్పన కావచ్చు గాని అందులోని రంగు గుణం కల్పన కాదు.

ఇంత మొండి రంగుతో చిత్రం వేయడం ఎలా? కలాన్ని నీలికుండలో ముంచి గీయబోతే, కలం గుడ్డను చేరేలోపే గాలి తగిలి రంగు పనికిరాకుండా పోతుంది. గుడ్డ మొత్తాన్ని కుండలో ముంచడం తప్ప గత్యంతరం లేదు. గుడ్డంతా మునిగితే చిత్రమెక్కడిది? దీనికి మన పూర్వులు కనిపెట్టిన ఉపాయం తిరగవేసిన ఆలోచన. నీలం కావలసిన చోట ఏమీ చేయరు. నీలం వద్దనుకున్న చోటునంతా మైనంతో కప్పుతారు.

కోరమండల్ తీరంలో తయారై మచిలీపట్నం మొదలైన రేవుల ద్వారా లోకమంతా తిరిగిన కలంకారీ వస్త్రాలు ఈ విధంగా రూపొందినవే. ఆ పద్ధతిని వివరంగా రాసినవారిలో గాస్టన్ లారెంట్ కేర్దూ అనే ఫ్రెంచి మతగురువు ఒకడు. తెలుగు, సంస్కృత, ఫ్రెంచి పదాలతో నిఘంటువు కూర్చిన పండితుడతడు. అద్దకం పనివారిని అడిగి తెలుసుకున్న సంగతులను 1742లో ఒక లేఖగా రాసి స్వదేశానికి పంపాడు. ఈ విద్యను యూరప్ అనుకరించాలన్న ఆశ అందులో ఉంది.

ఆ పద్ధతి క్రమం ఇది. ముందుగా గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన ద్రవంలో తడిపి ఆరబెడతారు. పాలలోని కొవ్వు గీత చెదరకుండా కాపాడుతుంది. తర్వాత నల్లగీతలు గీసి, ఎర్రని గీతలకు పటిక పట్టించి, చిరువేరుతో ఉడికిస్తారు. ఆ తరువాత మైనం పని. కరిగిన మైనాన్ని కలంతో తీసుకొని, నీలం ఉండవలసిన భాగాలను మాత్రం వదిలి, మిగిలిన గుడ్డనంతా కప్పుతారు. ఒక నెమలి మెడ నీలంగా రావాలంటే ఆ మెడ తప్ప చెట్టు, కొమ్మ, పూలు, ఆకాశం అన్నింటినీ మైనం కింద దాచాలి. అప్పుడు గుడ్డ నీలికుండకు వెళుతుంది. సాధారణంగా చిత్రకారుడు ఒకరు, నీలికుండ నడిపేవారు మరొకరు. కుండ నుంచి తిరిగి వచ్చిన గుడ్డను వేడినీటిలో ఉడికిస్తే మైనం కరిగి పైకి తేలుతుంది. ఆ తర్వాత తక్కిన ఎరుపు ఛాయలు నింపుతారు. నీలం మీద పసుపు పూస్తే ఆకులకు ఆకుపచ్చ వస్తుంది.

ఈ మైనం పని చూడడానికి సులభం, చేయడానికి కష్టం. మైనం మరీ వేడిగా ఉంటే హద్దు దాటి పాకుతుంది. చల్లబడితే గుడ్డ పైపైనే నిలిచి, లోపలికి దిగదు. కింది నుంచి నీలం చొరబడుతుంది. గుడ్డను గట్టిగా మడిస్తే మైనం బీటలు వారి, ఆ బీటల్లో సన్నని నీలిగీతలు పడతాయి. పడిన నీలాన్ని చెరిపివేసే ఉపాయం లేదు. నెలల తరబడి చేసిన పని ఒక్క మునకతో పాడుకావచ్చు. అన్నింటికంటే కష్టమైంది ఆలోచనా విధానం. చిత్రకారుడు సహజంగా కనిపించేదాన్ని గీస్తాడు. ఇక్కడ కనిపించకూడనిదాన్ని గీయాలి. కొత్తగా నేర్చుకునేవారి చేయి అలవాటు చొప్పున నెమలి మెడ మీదికే పోతుంది. ఖాళీని చూడగలిగే కన్ను ఏర్పడడానికి కాలం పడుతుంది.

రంగు పట్టకుండా అడ్డుపెట్టే ఈ సూత్రం మైనానికే పరిమితం కాదు. పోచంపల్లి, పుట్టపాక, చీరాల నేతగాళ్లు నేయకముందే నూలును దారంతో బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు పట్టదు. కచ్ ప్రాంతపు అజ్రఖ్ అద్దకంలో సున్నం, జిగురు కలిపిన ముద్దను అచ్చులతో వేస్తారు. జావా దీవి బాతిక్ వస్త్రాలకు మైనమే ఆధారం. గుజరాత్‌లో తయారైన నీలి అద్దకపు గుడ్డల పేలికలు ఈజిప్టులోని ఫుస్తాత్ శిథిలాల్లో దొరికాయి. మధ్యయుగంలోనే మన నీలం ఎంత దూరం ప్రయాణించిందో అవి చెబుతున్నాయి.

17వ శతాబ్దంలో డచ్చి, ఆంగ్ల వర్తకులు మచిలీపట్నంలో స్థావరాలు ఏర్పరచుకోవడానికి ఈ వస్త్రాలు ముఖ్య కారణం. యూరప్‌లో వీటి మోజు ఎంత పెరిగిందంటే, తమ నేతగాళ్లు దెబ్బతింటున్నారని 1686లో ఫ్రాన్సు, 1700లో ఇంగ్లండు అద్దకపు వస్త్రాల దిగుమతిని నిషేధిస్తూ చట్టాలు చేశాయి. ఆ తర్వాత వర్తకుల చూపు గుడ్డ నుంచి రంగు మీదికి మళ్లింది. 19వ శతాబ్దంలో కడప, కర్నూలు, నెల్లూరు ప్రాంతాలలో నీలి సాగు విస్తారంగా జరిగింది.

ఈ చరిత్రలో చీకటి అధ్యాయం బెంగాల్‌ది, బీహార్‌ది. తెల్లదొరలు అక్కడి రైతులకు అప్పులు అంటగట్టి, ధాన్యం పండే నేలలో బలవంతంగా నీలి వేయించారు. 1859లో బెంగాల్ రైతులు నీలి విత్తబోమని తిరగబడ్డారు. మరుసటి సంవత్సరం దీనబంధు మిత్ర రచించిన ‘నీల్ దర్పణ్’ నాటకం వెలువడింది. దాని ఆంగ్లానువాదాన్ని ప్రచురించినందుకు జేమ్స్ లాంగ్ అనే మతగురువు 1861లో జైలుకు వెళ్లాడు. బీహార్‌లోని చంపారన్‌లో ప్రతి 20 కఠ్ఠాల భూమిలో 3 కఠ్ఠాలు నీలికే కేటాయించాలనే కట్టడి ఉండేది. 1917లో గాంధీజీ అక్కడికి వెళ్లి రైతుల వాంగ్మూలాలు సేకరించి పోరాడిన ఫలితంగా మరుసటి సంవత్సరం ఆ పద్ధతి రద్దయింది. ఈ రంగు అందాన్ని చెప్పేవారు ఈ కన్నీటిని మరువరాదు.

అప్పటికే మరో మార్పు మొదలైంది. జర్మనీ శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫాన్ బేయర్ ప్రయోగశాలలో నీలాన్ని సృష్టించి, 1883లో దాని నిర్మాణాన్ని తేల్చాడు. 1897 నుంచి కర్మాగారపు నీలం విపణిలోకి వచ్చింది. కొద్దికాలంలోనే నీలి తోటలు తరిగిపోయాయి. రసాయనికంగా చూస్తే కర్మాగారపు నీలం, ఆకు నీలం ఒకే పదార్థం. నేటి జీన్స్ దుస్తుల నీలం కూడా అదే. అయితే పోయినదేమిటి? పోయింది రంగు కాదు, కుండ. గింజలు పులియడానికి రోజులు పట్టే చోట హైడ్రోసల్ఫైట్ అనే రసాయనం నిమిషాల్లో పని ముగిస్తుంది. వాసన చూడనక్కరలేదు, కాచుకొని కూర్చోనక్కరలేదు. ఆ రసాయనం కలిసిన వ్యర్థజలాన్ని శుద్ధి చేయకుండా వదిలితే చెరువులకు, కాలువలకు హాని కలుగుతుంది.

నిరీక్షణ అక్కరలేకపోయాక, నిరీక్షించడం తెలిసినవారూ తగ్గిపోయారు. 1950ల చివర శ్రీకాళహస్తిలో కలంకారీ శిక్షణ కేంద్రం నెలకొని, ఆ కళకు ఊపిరి పోసింది. అయినా మైనం పని, నీలికుండ చాలా చోట్ల అరుదయ్యాయి. ఇటీవలి దశాబ్దాలలో ప్రకృతి రంగులపై ఆదరణ పెరిగి, కుండను మళ్లీ నిలపాలని పలువురు పూనుకున్నారు. వారికి గ్రంథాలు దొరికాయి. కేర్దూ లేఖ దొరికింది. పాళ్లు, పేర్లు, వరుస అన్నీ అందులో ఉన్నాయి. కుదిరిన కుండ వాసన ఎలా ఉంటుందో మాత్రం ఏ గ్రంథమూ చెప్పలేదు, చెప్పలేదు కూడా. దాన్ని కుండ పక్కన కూర్చున్న ఒకరు మరొకరికి చూపించవలసిందే. ఒక్క తరం చూపించకపోతే తర్వాతి తరం మళ్లీ మొదటి నుంచి, చెడిన కుండలతో నేర్చుకోవాలి.

విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో అనురాగాన్ని అద్దకపు రంగులతో పోల్చి మూడు విధాలుగా చెప్పాడు. కుసుమపూల రంగు వంటి కుసుంభరాగం మిరుమిట్లు గొలిపి వెలిసిపోతుంది. మంజిష్ఠరాగం మెరుస్తుంది, నిలుస్తుంది. నీలీరాగం అంతగా మెరవదు. కాని మనసును వీడిపోదు. సీతారాముల ప్రేమ అటువంటిదని అతని ఉదాహరణ. ఆ కాలపు పాఠకునికి ఈ పోలిక వివరించనక్కరలేదు. అతడు అద్దకపు వీధిలో ఆ మూడు రంగులూ చూసినవాడు. నేటి విద్యార్థికి ఆ శ్లోకం అర్థం కావాలంటే వ్యాఖ్యానం కావాలి. ‘నీలివార్త’ అనే మాట నేటికీ మన వాడుకలో ఉంది. ఆ మాటకు జన్మనిచ్చిన కుండ కూడా ఎక్కడో ఒకచోట, మూత కింద, పులుస్తూ ఉండాలి. ఉదయం లేచి మూత తీసి చూసే శిష్యుడొకడు ఉన్నంతకాలం అది ఉంటుంది.

అర్థాలు

విలక్షణం = ప్రత్యేక లక్షణం కలది
వాచ్యార్థం = మాటకు నేరుగా వచ్చే అర్థం
నిరీక్షణ = ఎదురుచూపు
బాన = పెద్ద మట్టికుండ
గత్యంతరం = మరో దారి
విపణి = అంగడి, మార్కెట్
వాంగ్మూలం = నోటితో చెప్పి రాయించిన సాక్ష్యం

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. నీలి ఆకు నుంచి నీలివస్త్రం వరకు జరిగే క్రమాన్ని వివరించండి.
2. ‘పోయింది రంగు కాదు, కుండ’ అనే వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ‘నీలివార్త’ అనే మాట ఎలా పుట్టిందని చెబుతారు?
2. నీలంతో చిత్రం తీర్చడానికి మైనం ఎందుకు అవసరమైంది?
3. చంపారన్ రైతుల కష్టాలను తెలపండి.

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. నీలి మొక్కకు తెలుగులో ఉన్న మరో పేరేమిటి?
2. ‘నీల్ దర్పణ్’ నాటకకర్త ఎవరు?
3. విశ్వనాథుడు చెప్పిన మూడు రాగాలేవి?

IV. సంధులు, సమాసాలు
విద్యాభ్యాసం = విద్యా + అభ్యాసం : సవర్ణదీర్ఘ సంధి
అత్యంత = అతి + అంత : యణాదేశ సంధి
వెలుగునీడలు = వెలుగును, నీడయును : ద్వంద్వ సమాసం